భూమి కొనేవాళ్లకు జాగ్రత్త: డబ్బు కట్టి తెచ్చుకున్న "కేసులు లేవు" రిపోర్టును నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి

పొలం, ప్లాటు, ఇల్లు ఏదైనా కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. "ఈ ఆస్తి మీద కోర్టు కేసులు ఉన్నాయో లేవో 24 గంటల్లో చెప్పేస్తాం" అంటూ ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే సైట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. అలాంటి ఒకదాని దగ్గర మేం రిపోర్టు కొన్నాం. "నో లిటిగేషన్ ఫౌండ్" అని పచ్చ ముద్ర వేసి పంపారు. కానీ అదే భూమి మీద జిల్లా కోర్టులో పార్టిషన్ దావా, అంటే కుటుంబ ఆస్తి పంపకాల కేసు, నడుస్తోంది. అమ్మకూడదని ఇంజంక్షన్ ఆర్డరు కూడా ఉంది. అగ్రిమెంటు రాసుకునే ముందు మా లాయర్ గారు లింక్ డాక్యుమెంట్లు (ఆ భూమి పాత రిజిస్ట్రేషన్ పత్రాలు) ముందేసుకుని ఒక్కో పేరూ వెతకబట్టి ఆ సంగతి బయటపడింది. లేకపోతే అమ్మానాన్నల రిటైర్మెంటు డబ్బంతా అందులో ఇరుక్కుపోయేది.

ఆ సైటు పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే అదొక్కటి మానేసి ఇంకో దానిలో కడతారు. అక్కడ దొరికేదీ ఇదే. అందుకని ఆ రిపోర్టు ఎలా తయారవుతుందో, ఎందుకు పనికిరాదో చెబుతాను.

వాళ్లు మనకు అమ్మేది ఎక్కడా దొరకని సమాచారం ఏమీ కాదు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు నుంచి జిల్లా కోర్టు దాకా నడిచే కేసుల వివరాలు ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనూ, అదే పేరుతో ఉన్న మొబైల్ యాప్‌లోనూ ఉచితంగా కనిపిస్తాయి. వాది ఎవరు, ప్రతివాది ఎవరు, వచ్చే వాయిదా ఎప్పుడు, కేసు ఏ దశలో ఉంది, ఏ ఆర్డర్లు వచ్చాయి అన్నీ చూడొచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలతో ఒక సీఎన్ఆర్ నంబర్ ఉంటుంది. మొదటి నాలుగు అక్షరాలు రాష్ట్రం, జిల్లా. తర్వాతి రెండంకెలు కోర్టు. ఆపైన ఆరంకెల వరుస సంఖ్య, చివర సంవత్సరం. ఆ నంబర్ చేతిలో ఉంటే కేసు నిమిషంలో తెరుచుకుంటుంది. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలో కోర్టులను కంప్యూటరీకరించే ఈ పని 2007 నుంచి నడుస్తోంది. మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలు ఆమోదించింది. మన పన్నులతో కట్టిన వ్యవస్థ ఇది. సుప్రీంకోర్టు తీర్పులు కూడా 2023 జనవరి 2 నుంచి ఈ-ఎస్‌సీఆర్ అనే ఆన్‌లైన్ తీర్పుల భండారంలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ఉచితంగా దొరికేదాన్ని ఒకచోట చేర్చి అమ్మడం తప్పని నేను అనను. కోర్టు తీర్పులను, ఆర్డర్లను కోర్టు నిషేధిస్తే తప్ప ఎవరైనా తిరిగి ప్రచురించుకోవచ్చని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షనే చెబుతోంది. లాయర్లకు పనికొచ్చే మంచి సర్వీసులూ ఉన్నాయి. నా కోపమంతా "ఈ ఆస్తి మీద కేసుల్లేవు" అనే ఆ ఒక్క మాట మీద. ఆ మాట చెప్పడానికి వాళ్ల దగ్గర ఆధారమే లేదు.

ఎందుకంటే ఈ-కోర్ట్స్‌లో సర్వే నంబర్‌తో వెతకడం కుదరదు. పార్టీ పేరుతో వెతకొచ్చు, కేసు నంబర్‌తో వెతకొచ్చు, లాయర్ పేరుతో, ఎఫ్ఐఆర్ నంబర్‌తో, చట్టం పేరుతో కూడా వెతకొచ్చు. ఫలానా గ్రామంలో ఫలానా సర్వే నంబర్ మీద ఏ దావా ఉందని అడిగితే చెప్పే చోటే అందులో లేదు. కాబట్టి ఆ సైటు మన దగ్గర సర్వే నంబర్, హద్దులు, పాస్‌బుక్ కాపీ అన్నీ అడిగి తీసుకున్నా, చివరికి చేసేది అమ్మేవాళ్ల పేరు కొట్టి చూడడమే. మా రిపోర్టు పై పేజీలో సర్వే నంబర్ పెద్ద అక్షరాలతో వేశారు. దాన్ని చూస్తే ఆ నంబర్ మీదే వెతికారని ఎవరైనా అనుకుంటారు.

మా విషయంలో ఏం జరిగిందంటే, మాకు అమ్మజూపిన ఆయన ఆ భూమిని కొన్నేళ్ల కిందటే ఒక కుటుంబం దగ్గర కొన్నారు. ఆయన కొనేనాటికే ఆ కుటుంబంలోని ఆడపిల్లలు తమ వాటా కోసం అన్నదమ్ముల మీద దావా వేసి ఉన్నారు. అడగాల్సిన హక్కే అది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. తండ్రి అప్పటికే చనిపోయి ఉన్నా ఆ హక్కు పోదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు అమ్ముతున్నాయన ఆ దావాలో పార్టీ కాదు, ఆయన పేరు అందులో ఎక్కడా లేదు. అందుకే ఆయన పేరుతో ఎన్నిసార్లు వెతికినా ఏమీ రాదు. అయినా ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, దావా నడుస్తుండగా కొన్నవాళ్లు పార్టీ అయినా కాకపోయినా, దావా సంగతి తెలిసినా తెలియకపోయినా, అందులో వచ్చే డిక్రీకి, అంటే కోర్టు తీర్పుకు, కట్టుబడాల్సిందే. మేం కొని ఉంటే మా పరిస్థితీ అదే.

"ఈసీ క్లీన్‌గా ఉంది కదా" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఈసీ అనేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన లావాదేవీల పట్టిక. ఎవరో కోర్టులో దావా వేసినంత మాత్రాన అది ఈసీలోకి ఎక్కదు.

అదే రిపోర్టులో ఇంకో ఘోరం ఉంది. అమ్మేవాళ్ల పేరే ఉన్న మరొకరి మీద నడుస్తున్న చెక్ బౌన్స్ కేసును తెచ్చి ఈయన పేరు కింద "క్రిమినల్ రిస్క్" అని పెట్టారు. తండ్రి పేరు వేరు, ఊరు వేరు. కేసు తెరిచి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఉన్న దావాను వదిలేసి, లేని కేసును అంటగట్టారన్నమాట. మన పేర్లు ఎంత కలుస్తాయో మనకు తెలుసు. ఒకే మండలంలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురైదుగురు దొరుకుతారు. ఇదే పద్ధతిలో ఉద్యోగాలకు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తే, ఇల్లు అద్దెకిచ్చే ముందు చూస్తే, ఏ పాపం తెలియని మనిషి పేరు చెడిపోతుంది. కోర్టు రికార్డు అందరికీ తెరిచి ఉంచింది న్యాయం ఎలా జరుగుతోందో జనం చూడడానికి. దాన్ని ఇలా వాడడం చూస్తే నాకు చాలా బాధగా ఉంది.

పేరు సరైనదే అనుకున్నా, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాశారన్నది ఇంకో చిక్కు. వెంకటేశ్వర్లులో ఎస్ తర్వాత హెచ్ ఉందా లేదా, ఇంటిపేరు పూర్తిగా ఉందా ఒక్క అక్షరమే ఉందా, ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి ఫలితాలు మారిపోతాయి. పైగా వెతకాలంటే కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోవాలి, సంవత్సరం ఇవ్వాలి. పెండింగా, ముగిసిందా అన్నది కూడా చెప్పాలి. జిల్లాల విభజన కూడా గుర్తుపెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2022 జూన్‌లో 33 జిల్లాలకూ జిల్లా కోర్టులు ఏర్పాటు చేశారు. భూమి ఇవాళ ఏ జిల్లాలో ఉందో, పాత దావా ఆ జిల్లా కోర్టులోనే ఉండాలని లేదు.

ఇక ఈ-కోర్ట్స్ పరిధిలోకే రాని వివాదాలు బోలెడు. తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్ దగ్గర నడిచే రెవెన్యూ కేసులు, బ్యాంకు అప్పులకు సంబంధించి డెట్ రికవరీ ట్రిబ్యునల్‌లో ఉన్నవి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో ఉన్నవి విడివిడిగా చూసుకోవాలి. హైకోర్టు రిట్లకు ఆ హైకోర్టు సైటు ఉంది. మధ్యవర్తిత్వంలో నడిచేవి ఆన్‌లైన్‌లో కనబడనే కనబడవు. మా రిపోర్టులో మాత్రం "ఆల్ కోర్ట్స్ అండ్ ట్రిబ్యునల్స్" అని రాసి ఉంది.

సర్టిఫైడ్ కాపీ విషయంలో చేసింది ఇంకా దారుణం. దావా బయటపడ్డాక ఇంజంక్షన్ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ కావాల్సి వచ్చింది. ఆ సైటు ధరల పట్టికలో అదీ ఉంటే మా తమ్ముడు కట్టేశాడు. వచ్చింది ఈ-కోర్ట్స్‌లో ఉచితంగా దిగే పీడీఎఫ్ ప్రింటు, దాని మీద ఆ కంపెనీ సొంత గుండ్రటి ముద్ర, "సర్టిఫైడ్ ట్రూ కాపీ" అనే అక్షరాలు. దానికి కోర్టులో విలువ లేదు. సర్టిఫైడ్ కాపీ ఇవ్వగలిగేది ఆ రికార్డు ఎవరి అధీనంలో ఉందో ఆ అధికారి మాత్రమే. ఇంతకుముందు సాక్ష్య చట్టం 76వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 75వ సెక్షన్‌లో ఉంది. కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ పెట్టి, ఫీజు కట్టి తీసుకోవాలి. కేసులో పార్టీ కానివాళ్లను ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ ఇవ్వమని అడుగుతారు. ఆర్టీఐ పెట్టి తెప్పిస్తామని చెప్పేవాళ్లనూ నమ్మకండి. కోర్టు రికార్డుల కాపీలు కోర్టు నియమాల ప్రకారమే తీసుకోవాలని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు విషయంలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇక అసలు కోర్టు సైటునే పోలిన నకిలీలు వేరే ఉన్నాయి. తమ వెబ్‌సైటులా కనిపించే దొంగ లింకులు తిరుగుతున్నాయని, వ్యక్తిగత వివరాలుగానీ బ్యాంకు వివరాలుగానీ తాము ఎప్పుడూ అడగమని 2023 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రిజిస్ట్రీయే ప్రకటన ఇచ్చింది. మూడు సింహాల ముద్ర, కోర్టు బొమ్మ చూసి మోసపోకుండా అడ్రస్ చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. కేసు స్టేటస్ చూపించడానికి ఆధార్, ఓటీపీ అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. పిల్లల కేసులు, అత్యాచార బాధితుల వివరాలు, భార్యాభర్తల గొడవల ఫైళ్లు ఇప్పిస్తామనే వాళ్ల జోలికి అస్సలు పోవద్దు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం.

మరి కొనేవాళ్లు ఏం చేయాలి? మా లాయర్ గారు చేసిన పద్ధతే చెబుతాను. ముందు 30 ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్లు అన్నీ తెచ్చుకుని, ఆ కాలంలో ఆ భూమి ఎవరెవరి చేతులు మారిందో అందరి పేర్లూ ఒక కాగితం మీద రాశారు. అమ్మినవాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు కూడా ఊళ్లో కనుక్కుని చేర్చారు. ఒక్కో పేరును రకరకాల స్పెల్లింగులతో, పాత జిల్లా కోర్టులోనూ కొత్త దానిలోనూ, ఏడాదికి ఏడాది వెతికారు. ఓ.ఎస్. (సివిల్ దావా) నంబర్లు కనబడితే లోపలికి వెళ్లి ఆర్డర్లు చదివారు. అనుమానం ఉన్న దావా దాఖలు కాగితాల్లో ఆస్తి షెడ్యూలు (ఆస్తి వివరాలు రాసే భాగం) చూశారు, సర్వే నంబర్ కలిసింది. ఓపిక ఉంటే ఈ వెతుకులాటలో సగం మనమూ చేసుకోవచ్చు. షెడ్యూలు చదివి చెప్పేందుకు మాత్రం ఆ జిల్లా కోర్టులో ప్రాక్టీసు ఉన్న లాయర్‌ను పెట్టుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

నాకు ఒక్కటే అర్థం కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఏడో ఆర్డర్, మూడో రూల్ ప్రకారం స్థిరాస్తి మీద వేసే ప్రతి దావాలోనూ హద్దులుగానీ సర్వే నంబర్‌గానీ రాయాల్సిందే. అంటే ఆ సమాచారం ప్రతి కోర్టు దగ్గరా ఉంది. వెతికే పెట్టెలో మాత్రం లేదు. ఈ-కోర్టులను భూ రికార్డులతో కలపాలన్న పని కేంద్ర భూ రికార్డుల ఆధునికీకరణ పథకంలో ఉంది. గ్రామం, సర్వే నంబర్ కొడితే పెండింగ్ దావాలు కనిపించేలా చేస్తే ఈ రిపోర్టుల వ్యాపారమే ఉండదు. లాయర్ల సంఘాలు, రైతు సంఘాలు దీని మీద గట్టిగా అడగాలి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ముందు బ్యాంకు యాప్‌లో ఆటో డెబిట్ మ్యాండేట్ ఉందేమో చూసి రద్దు చేయండి. ఒక్క రిపోర్టు అని కట్టించుకుని నెలవారీ సభ్యత్వంలో చేర్చేశారు మమ్మల్ని. రద్దు చేసే బటన్ ఎక్కడా కనబడలేదు. 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే వెబ్‌సైటు ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో ఇలాంటి సభ్యత్వ ఉచ్చును స్పష్టంగా నిషేధించారు. రీఫండ్ అడిగితే "సమాచారం కోసం మాత్రమే" అన్న షరతు చూపించారు. మీకూ అలాగే అంటే, సైటులో ఉండాల్సిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. రిపోర్టు, ధరల పేజీ, "ఆల్ కోర్ట్స్" అన్న ప్రకటన అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, తర్వాత పేజీ మార్చేస్తారు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నకిలీ కోర్టు సైటులో బ్యాంకు వివరాలు ఇచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.