ఎముక మీదుగా వినడం: మూడేళ్ల వాడకం తర్వాత

చిన్నతనంలో మొదలైన చెవి కారడం నా ఎడమ కర్ణభేరికి చిల్లు మిగిల్చింది. అందువల్ల చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ ఏదైనా సరే, నాలుగు రోజులు వాడేసరికి మళ్లీ తడి, మళ్లీ చుక్కల మందు తప్పేవి కావు. నల్లగొండలో చెవి డాక్టరు శృతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి, ఒకసారి చెవి ముందర పట్టుకుని, ఒకసారి చెవి వెనుక ఎముకకు ఆనించి, ఎక్కడ గట్టిగా వినిపిస్తున్నదని అడిగినప్పుడు ఎముక మీదనే అని చెప్పాను. గాలి వెళ్లే దారి చెడింది గానీ లోపలి చెవి బాగానే ఉందని ఆయన అనడంతో, మూడేళ్ల కిందట బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ కొన్నాను.

ఇది చెవి ముందు ఎముకకు ఆనుకుని పుర్రెను సన్నగా కంపింపజేస్తుంది. ఆ కంపనం కర్ణభేరితో పని లేకుండానే లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే కోక్లియాను చేరుతుంది. మన గొంతును రికార్డింగులో వింటే పరాయిదిగా తోచడానికి కారణం ఇదే: మాట్లాడేటప్పుడు మన గొంతును మనం గాలి ద్వారానే కాక ఎముక ద్వారా కూడా వింటాం.

పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పొద్దున నడిచేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. వార్తలు, ప్రసంగాలు, ఫోన్ మాటలు స్పష్టంగా వినిపిస్తూనే, చెవులు తెరిచి ఉండటం వల్ల వెనుక వచ్చే ట్రాక్టరు చప్పుడు కూడా అందుతుంది. పాటల విషయం వేరు. డప్పు దరువు పెడితే సన్నని సిటికెన పుల్ల మోత వస్తుంది గానీ, లావుపాటి సిర్ర దెబ్బలోని బరువు రాదు. ఆ బరువు కోసం శబ్దం పెంచితే చెంపల మీద చక్కిలిగింత మొదలవుతుంది. దేవరకొండ బస్సులో ఇంజను మోత దీన్ని పూర్తిగా మింగేస్తుంది. చెవులు మూసుకుంటే గంభీర స్వరాలు పెరుగుతాయి గానీ, నా ఎడమ చెవిని మూయడమే కుదరదు. కళ్లద్దాల కాడలకూ దీని తీగకూ మొదటి నెలంతా పేచీ నడిచింది.

చెమటకు తట్టుకుంటుందని పెట్టె మీద రాసి ఉన్నా, రెండో వేసవిలో చార్జింగ్ పిన్నులు పచ్చగా చిలుమెక్కాయి. తడి తగిలితే వారంటీ వర్తించదని సర్వీసు సెంటరు వాళ్లు తిప్పి పంపారు. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి నేనే బాగు చేసుకున్నాను. కొత్తలో ఎనిమిది గంటలు నిలిచిన బ్యాటరీ ఇప్పుడు ఐదు గంటలకు దిగింది.

దుకాణాల్లో దీన్ని చెవుడుకు మందన్నట్టు చెప్పి అమ్మడం మాత్రం నాకు నచ్చదు. మా పెద్దబాపుకు వయసుతో లోపలి చెవి శక్తే తగ్గింది. ఆశపడి ఆయనకు పెట్టి చూస్తే, "గుర్రుమంటున్నది గని మాట సమజైత లేదు బిడ్డా" అన్నాడు. కంపనాన్ని అందుకోవలసిన చోటే దెబ్బతిన్నప్పుడు దారి మార్చి ప్రయోజనం లేదు. పైగా ఇందులోని మైకు ఫోన్ కోసమే తప్ప, ఎదుటివారి మాటను పెంచి వినిపించదు.

ఆ పని చేసే పరికరాలు వేరే ఉన్నాయి. టైటానియం ఎముకతో గట్టిగా కలిసిపోతుందన్న స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ పరిశోధన ఆధారంగా, 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో చెవి వెనుక ఎముకలో చిన్న టైటానియం మరను (స్క్రూను) అమర్చి, దానికి వినికిడి పరికరాన్ని తగిలించారు. చర్మం మీద నుంచి వచ్చే నా హెడ్‌ఫోన్ కంపనంలో, ముఖ్యంగా సన్నని స్వరాల్లో, కొంత భాగాన్ని చర్మమే మెత్తగా తాగేస్తుంది. మర నేరుగా ఎముకలోనే ఉంటుంది కనుక ఆ నష్టం తప్పుతుంది. నా కుడి చెవి బాగుంది కాబట్టి అంతదూరం వెళ్లే అవసరం నాకు రాలేదు.

ఈ మూడేళ్లలో ఎడమ చెవి ఒక్కసారే కారింది. అదీ వాడపల్లి సంగమంలో మునిగి స్నానం చేసిన మరునాడు.