మోటార్ ఓకే, జాకెట్‌తోనే జాగ్రత్త: ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బోటుకి 3660 బ్రష్‌లెస్ కాంబో

ఒకే సరుకు నాలుగైదు స్టిక్కర్లతో ఆన్‌లైన్‌లో తిరుగుతోంది. 36 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. పొడవున్న 4 పోల్ ఇన్‌రన్నర్ (రోటర్ లోపల తిరిగే మోటార్), 2070 కేవీ, అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి అన్ని చుట్లు. దానితో పాటు 120 ఆంప్స్ వాటర్ కూల్డ్ ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే కంట్రోలర్), మోటార్ చుట్టూ నీళ్లు తిప్పే అల్యూమినియం జాకెట్, ఈఎస్‌సీ సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్ కార్డు. 65–70 సెం.మీ. మోనో హల్‌కి (ఒకే ఒళ్లున్న బోటుకి) సరిపడే సెట్. మోటార్ వరకు డబ్బుకి న్యాయం జరిగినట్టే: షాఫ్ట్‌లో ఆట లేదు, బేరింగులు గరగరమనవు. పేచీ అంతా మిగతా సామానుతోనే.

డబ్బా మీద 2–4ఎస్ (వరుసగా కలిపిన రెండు నుంచి నాలుగు లిపో సెల్‌లు) అని ఉంది కదాని 4ఎస్ తగిలించేయకండి. 2070ని 4ఎస్ ప్యాక్ 14.8 వోల్టులతో గుణిస్తే 30,600 ఆర్‌పీఎం, ఫుల్ చార్జి మీద 34,800 దాకా. 3ఎస్ మీద 23,000 దగ్గర ఆగుతుంది. 40 మి.మీ. ప్రాప్ (ప్రొపెల్లర్) తిప్పాలంటే 3ఎస్సే సుఖం. 4ఎస్ కావాల్సిందే అంటే 36 మి.మీ. ప్రాప్‌కి దిగాలి. ఒకే ఆర్‌పీఎం దగ్గర 36 తీసి 40 పెడితే లోడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఇక జాకెట్. ఓ-రింగులు రెండూ పొడిగా వస్తాయి, గాడి అంచులు పదునుగా ఉంటాయి. అలాగే నెట్టేస్తే రింగు తెగి, నీళ్లు నేరుగా హల్లోకే. ముందు అంచుల్ని 600 నంబరు ఎమరీ పేపర్‌తో మెత్తబరచండి. రింగులకి సిలికాన్ గ్రీజు రాసి, జాకెట్‌ని తిప్పుతూ ఎక్కించండి. నీళ్లొచ్చే నిపుల్ (ట్యూబు తగిలించే మూతి) కింద, పోయేది పైన ఉండాలి. తిరగేస్తే పైభాగంలో గాలి చిక్కుకుని, మోటార్ సగం పొడిగానే ఉంటుంది. బోటులో బిగించకముందే ఒక నిపుల్ వేలితో మూసి, రెండో దానికి సిరంజితో గాలి కొడుతూ బకెట్లో ముంచి చూడండి. బుడగ వస్తే రింగు మార్చాల్సిందే.

మౌంట్ స్క్రూలు ఎం3. మౌంట్ మందం, వాషర్ పోను మోటార్‌లోకి 4 మి.మీ. దిగితే చాలు. అంతకన్నా పొడుగు స్క్రూ వైండింగ్‌ని గీకితే వారంటీ కూడా ఉండదు.

నీళ్ల దారి: రడ్డర్ పికప్ (చుక్కానిలో నీళ్లు లోపలికి తీసుకునే కన్నం) నుంచి ముందు ఈఎస్‌సీకి, తర్వాత మోటార్‌కి, అక్కణ్ణుంచి బయటికి. వేడికి ముందు పోయేది ఈఎస్‌సీలోని మాస్‌ఫెట్లే (కరెంటుని ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) కాబట్టి చల్లటి నీళ్లు వాటికే దక్కాలి. సగం థ్రాటిల్‌లో పక్కనుంచి ధార కనబడాలి. మన చెరువుల్లో నాచు, గుర్రపు డెక్క వేళ్లు పికప్ కన్నంలో ఇరుక్కుంటాయి, దించిన ప్రతిసారీ వెనక నుంచి ఊది శుభ్రం చేయాలి.

ఈ సెట్ కొన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే: జాకెట్ మీద చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. నీళ్లు చల్లబరిచేది పైతొడుగుని, స్టేటర్‌ని (వైండింగ్ ఉన్న కదలని భాగం). లోపల తిరిగే రోటర్ అయస్కాంతాలకి ఆ చలవ దాదాపు అందదు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది, చల్లారినా పోయిన బలం తిరిగి రాదు. అందుకని జాకెట్ వదిలేసి, వెనక మూత మీద, వైర్లు బయటికొచ్చే చోట ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. మెరిసే లోహం మీద రీడింగ్ తక్కువ చూపిస్తుంది, చిన్న నల్ల టేపు ముక్క అతికించి దాని మీద చూడాలి. 60 లోపు హాయి. 70 దాటితే ఎక్కువ నీళ్లు పంపే ఆలోచన మానేసి ప్రాప్ 2 మి.మీ. తగ్గించండి. ఒడ్డుకి తెచ్చే ముందు అర నిమిషం నెమ్మదిగా తిప్పండి, బోటు ఆగితే నీళ్లూ ఆగుతాయి, లోపలి వేడి అప్పుడే బయటికొస్తుంది.

కరెంటు లెక్కకి మీటర్ లేకపోయినా ఫరవాలేదు. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌తో 4 నిమిషాలు నడిపాక చార్జర్ 4000 ఎక్కించిందంటే సగటు 60 ఆంప్స్, ఈ ఈఎస్‌సీకి సరైన స్థాయి. 80 వైపు పోతుంటే ప్రాప్‌ని అనుమానించే ముందు ఫ్లెక్స్ షాఫ్ట్ (మోటార్ నుంచి ప్రాప్ దాకా తిరిగే వంగే తీగ) చూడండి. లోడు పడ్డప్పుడు అది పొట్టిదవుతుంది. స్ట్రట్‌కీ (షాఫ్ట్‌ని బోటు వెనక పట్టి ఉంచే ఊత) డ్రైవ్ డాగ్‌కీ (ప్రాప్‌ని తిప్పే బిళ్ల) మధ్య 3 మి.మీ. వదలకపోతే రెండూ రాసుకుంటాయి.

ఈఎస్‌సీకి సగం మార్కులే. బ్యాటరీ వైపు ఎక్స్‌టీ60 కనెక్టర్ ఇచ్చారు, 120 ఆంప్స్ అని రాసుకున్న సరుకుకి అది చాలదు. ఎక్స్‌టీ90 సోల్డర్ చేసుకోవాలి. వైర్లు చాలకపోతే మోటార్ వైపే పొడిగించండి. బ్యాటరీ వైపు పొడిగిస్తే రిపుల్ (వోల్టేజీ ఎగుడుదిగుళ్లు) పెరిగి కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బుతాయి. కటాఫ్ (బ్యాటరీ తగ్గితే ఈఎస్‌సీ పవర్ ఆపే హద్దు) సెల్‌కి 3.0 వోల్టులకి పెట్టి పంపుతున్నారు, కార్డుతో 3.4 చేసుకోండి. టైమింగ్ (వైండింగ్‌కి కరెంటు ఎంత ముందుగా అందించాలనే సెట్టింగు) తక్కువతో మొదలుపెట్టండి. మోటార్ వెనక్కి తిరుగుతుంటే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చితే సరి.

స్పేర్ ఓ-రింగులు డబ్బాలో లేవు. ఆర్డర్ పెట్టేటప్పుడే గాడి కొలతకి నైట్రైల్‌వి నాలుగు కలిపి తెప్పించుకోండి.