పెట్టె మారింది, బేరం మారలేదు: మా టిఫిన్ సెంటర్‌లో సౌండ్‌బాక్స్

సౌండ్‌బాక్స్ అంటే యూపీఐలో డబ్బులు పడగానే ఎంత పడిందో గట్టిగా చెప్పే పెట్టె. దాని గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది దాని గొంతు గురించే. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఏ బ్యాంకుకి కలుస్తుంది లాంటివి ఇప్పుడు అందరికీ తెలుసు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాది చిన్న టిఫిన్ సెంటర్. పొద్దున్న పది దాకా నా చేతులు పిండిలోనో పెనం దగ్గరో ఉంటాయి. మా ఆయన ప్లేట్లు అందిస్తూ, చట్నీ వేస్తూ ఉంటారు. ఫోన్ తీసి డబ్బులు పడ్డాయో లేదో చూసుకునే తీరిక ఇద్దరికీ ఉండదు. పెట్టె రాకముందు "ఆంటీ, కొట్టేశా" అని స్క్రీన్ అలా ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. నూటికి తొంభై మంది నిజంగానే కొట్టేవారు. మిగతావాళ్ళ సంగతి రాత్రి లెక్క చూసుకుంటే గానీ తెలిసేది కాదు. పాత స్క్రీన్‌షాట్ చూపించేవాళ్ళున్నారు. పేమెంట్ అయిపోయినట్టు పచ్చటిక్కుతో సహా చూపించే దొంగ యాప్‌లు ఫోన్‌లో పెట్టుకుని తిరిగేవాళ్ళూ ఉన్నారు.

పెట్టె వచ్చాక ఆ టెన్షన్ పోయింది. "నలభై రూపాయలు అందాయి" అని తెలుగులో గట్టిగా చెబితే నాకు వినిపిస్తుంది, కొట్టినవాళ్ళకి వినిపిస్తుంది, వెనక నిలబడ్డవాళ్ళకీ వినిపిస్తుంది. "ఏదీ, చూపించు నాయనా" అని ఎవరినీ ఆపక్కర్లేదు. రోజూ మన చేతి ఇడ్లీ తినే మనిషిని డబ్బుల కోసం నిలబెట్టి అడగడం ఎంత ఇబ్బందో కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళకే తెలుస్తుంది. ఈ ఒక్కదాని కోసమైనా నెల అద్దె నేను సంతోషంగా కడతాను. పక్క మెడికల్ షాపులో ఫోన్‌పే స్పీకర్ మహేష్‌బాబు గొంతుతో పలుకుతుంది. 2024లో వచ్చిందది. ఏమీ కొనని పిల్లలు కూడా అక్కడ ఆగి వింటారు. మా పెట్టెది ఎవరిదో తెలియని ఆడగొంతు. పెనం చప్పుడులో కూడా నాకు బాగా వినిపిస్తుంది, నాకదే చాలు.

ఇదంతా ఇప్పుడున్న రెండో పెట్టె గురించి. మొదటిది ఏ కంపెనీదో చెప్పను. దానితో మేం పడ్డ తంటా లాంటిదే రకరకాల కంపెనీల పెట్టెలతో తామూ పడ్డామని తర్వాత మా రోడ్డులో చాలామంది చెప్పారు.

అది ఏడాది పైన చక్కగా పనిచేసింది. ఆ తర్వాత వానాకాలం మొదట్లో కొంచెం ఆలస్యంగా పలకడం మొదలుపెట్టింది. మనిషి డబ్బు కొట్టి, చెయ్యి కడుక్కుని, బండి తీస్తుంటే అప్పుడు చెప్పేది. సర్లే అనుకున్నాం. ఒక ఆదివారం మాత్రం పూర్తిగా నోరు మూసుకుంది. ఆదివారం అంటే మాకు ఊపిరి సలపదు. బీచ్ రోడ్డులో వాకింగ్ అయ్యాక వచ్చేవాళ్ళు, రైతుబజార్ నుంచి కూరల సంచీలతో వచ్చేవాళ్ళు, ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్ కుర్రాళ్ళు, అందరూ ఒకేసారి దిగుతారు. పెట్టె మీద లైటు వెలుగుతూనే ఉంది, మాట మాత్రం లేదు. ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు నా మొహం ముందు పెట్టి "ఆంటీ, మా అకౌంట్లో కట్ అయ్యాయి, చూడండి" అంటున్నారు. నిజమే చెబుతున్నారని వాళ్ళ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. కానీ వాళ్ళని వదిలేస్తే వెనకవాళ్ళందరినీ అలాగే వదిలేయాలి. వరసలోంచి ఎవరో "ఏటండీ, ఎంతసేపు?" అని అరిచారు. పెనం మీద అట్టు మాడుతోంది.

స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒక మాస్టారు మా దగ్గరికి చాలాకాలంగా వస్తారు. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, మా ఆయన జేబులోంచి ఫోన్ తీయించుకుని, "అమ్మా, నువ్వు పెనం చూసుకో, నేను చెబుతాను" అన్నారు. కౌంటర్ పక్కన నిలబడి, బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడల్లా "నలభై వచ్చాయి, నూట ఇరవై వచ్చాయి" అని చదివారు. వరస కదిలింది. ఆయన కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టిస్తే వద్దన్నారు. షాపు ఖాళీ అయ్యి మేం పెనం తోముకుంటుంటే పెట్టెకి మాట వచ్చింది. పొద్దున్నుంచి పడ్డ డబ్బులన్నీ వరసగా, ఆగకుండా చదవడం మొదలుపెట్టింది. షాపులో వినేవాళ్ళే లేరు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మిషన్ గొంతు, ఒకటి నొక్కు, రెండు నొక్కు, చివరికి "మీ ఫిర్యాదు నమోదైంది". పెట్టె బిగించిన కుర్రాడు ఫోన్ ఎత్తడు. తీసుకెళ్ళిపోండి అంటే మనిషి వస్తాడన్నారు, రాలేదు. పలకని పెట్టెకి అద్దె మాత్రం ఠంచనుగా కట్ అవుతూ వచ్చింది. పెట్టె పాడవడం కన్నా నాకు ఇదే ఎక్కువ కోపం తెప్పించింది. పని చేయని వస్తువుకి డబ్బు తీసుకోవడం ఏ వ్యాపారంలో న్యాయం?

కొన్ని వారాలకి ఆ కుర్రాడే వచ్చాడు, ఇంకో కంపెనీ టీషర్ట్ వేసుకుని. "అక్కా, అది మానేశాను. మూడు నెలలు అద్దె లేదు, ఇది పెట్టిచూడండి" అన్నాడు. ముందు నాలుగు చీవాట్లు పెట్టాను, తలవంచుకుని పడ్డాడు. పాపం, జీతం కన్నా వాడికి టార్గెట్ల బాధే ఎక్కువ. పాత పెట్టెలో వేసిన సిమ్‌కి మా షాపు లోపల సిగ్నల్ సరిగ్గా అందదని వాడే చెప్పాడు. ఆ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే గొడవే లేకపోను. పాత అద్దె ఆటోపే మీద, అంటే నెలనెలా దానంతటదే కట్ అయ్యేలా పోతోందని చూసి, మా ఆయన ఫోన్‌లో యూపీఐ యాప్ తెరిచి, ఆటోపే అన్నచోట ఆ కంపెనీ పేరు చూపించి, పిన్ కొట్టించి రద్దు చేయించాడు. ఎవరినీ బతిమాలకుండా మనమే ఆపుకోవచ్చని చాలామంది షాపులవాళ్ళకి తెలియదు. మీకూ ఇలా అద్దె పోతుంటే ముందు అక్కడ చూడండి.

పాత క్యూఆర్ మీద కొత్తది అంటించాం. బేరాలు తగ్గుతాయేమో, అలవాటైనవాళ్ళు తికమక పడతారేమో అని నాకు భయం. మర్నాడు ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు. గూగుల్ పే వాళ్ళు గూగుల్ పేతో, పేటీఎం వాళ్ళు పేటీఎంతో, ఎవరి యాప్‌తో వాళ్ళు మామూలుగా కొట్టేసి వెళ్ళారు. నాకు అప్పుడు అర్థమైంది అసలు బలం ఎక్కడుందో. 2016లో ఎన్‌పీసీఐ, అంటే యూపీఐని నడిపే సంస్థ, దాన్ని తెచ్చినప్పుడే ఏ యాప్ నుంచైనా ఏ బ్యాంకుకైనా డబ్బు వెళ్ళేలా కట్టింది. అందుకే కస్టమర్‌కి నా క్యూఆర్ ఎవరిదన్న పట్టింపు లేదు, కంపెనీని మార్చుకోవడానికి నాకు అడ్డూ లేదు.

ఫుడ్ డెలివరీ యాప్‌లతో ఇలా కాదు. అక్కడ మనం సంపాదించుకున్న రేటింగు, మన పేరు మీద వచ్చిన మంచి మాటలు, ఏ కస్టమర్ ఏం తిన్నాడన్న లెక్క, అన్నీ ఆ యాప్‌లోనే ఉండిపోతాయి. ఇంకో యాప్‌కి వెళితే మళ్ళీ సున్నా నుంచే. హోటళ్ళ సంఘం ఫిర్యాదు మీద జొమాటో, స్విగ్గీల పద్ధతులపై 2022లో కాంపిటీషన్ కమిషన్, అంటే వ్యాపారాల్లో పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే ప్రభుత్వ సంస్థ, విచారణకి ఆదేశించింది కూడా. కమీషన్ పెంచినా మనం కిక్కురుమనకుండా ఉండేది ఎందుకంటే, వదిలితే బేరం పోతుంది. పెట్టె విషయంలో ఆ భయం లేదు కాబట్టే మూడు నెలలు అద్దె లేకుండా ఇస్తామని వాళ్ళే మన గుమ్మం ఎక్కుతున్నారు.

వాళ్ళకి దీంట్లో ఏం మిగులుతుందా అని నేనూ ఆలోచించాను. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాలోంచి కొట్టే యూపీఐ పేమెంట్ మీద దుకాణాల దగ్గర పర్సెంటేజీ తీసుకోవడానికి లేదు. మిగిలింది పెట్టె అద్దె, ఆ తర్వాత లోన్లు. రోజూ ఎంత పడుతుందో వాళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది కదా, కొంచెం బేరం పెరగ్గానే లోన్ కావాలా అని ఫోన్లు మొదలవుతాయి. నేను తీసుకోలేదు. మా ఎదురు ఫ్యాన్సీ షాపావిడ తీసుకుంది, రోజువారీ కలెక్షన్‌లోంచే కట్ అవుతుంది కాబట్టి బరువు తెలియట్లేదంటుంది. ఎవరి లెక్క వాళ్ళది. అందుకే వీళ్ళ కొట్లాటంతా మన కౌంటర్ కోసమే. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంక్ మీద రిజర్వ్ బ్యాంక్ ఆంక్షలు పెట్టినప్పుడు, గడువు మార్చి 15 దాకా మా రోడ్డులో మిగతా కంపెనీల కుర్రాళ్ళు షాపు షాపుకీ తిరిగారు. పేటీఎం క్యూఆర్‌లు ఆగిపోలేదు, వేరే బ్యాంకులతో కలిపి నడిపించుకున్నారు. కానీ ఆ కొన్ని వారాల్లో చాలా కౌంటర్ల మీద రెండేసి పెట్టెలు కనిపించాయి.

ఇంత మెచ్చుకున్నాక ఒకటి రెండు చెప్పకపోతే తప్పు. గొంతు స్పష్టంగా ఉంటుందన్నాను గానీ, రోడ్డు మీద బస్సు హారన్ కొడితే "ఇరవై", "అరవై" తేడా తెలియదు. మా దగ్గర ఒక గారె ఇరవై, పెసరట్టు అరవై. కొత్త పెట్టెకి చిన్న స్క్రీన్ ఉంది కాబట్టి అనుమానం వస్తే తల తిప్పి చూస్తాను. స్క్రీన్ లేని మోడల్ అయితే మళ్ళీ ఫోనే గతి.

కంపెనీ మార్చుకోవచ్చన్నానే, వెనక గొట్టం మాత్రం అందరికీ ఒక్కటే. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించింది. అప్పటికి మేం షాపు కట్టేసే వేళ కాబట్టి మాకు దెబ్బ తగల్లేదు, మా వీధి చివర భోజనం హోటల్ వాళ్ళు మాత్రం చాలా అవస్థ పడ్డారు. ఏ కంపెనీ పెట్టె ఉన్నా ఆ రోజు ఒక్కటే. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు లేకుండా రోజుల తరబడి గడిపినవాళ్ళం. అందుకని గల్లాపెట్టెలో చిల్లర, పది నోట్లు ఎప్పుడూ ఉంచుతాను, ఎన్ని పెట్టెలొచ్చినా అది మానను.

ఇంకో దిగులు కూడా ఉంది. యూపీఐ లావాదేవీల్లో చాలా పెద్ద భాగం ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి చేతుల్లోనే నడుస్తోంది. ఏ యాప్‌కీ 30 శాతం దాటకూడదని ఎన్‌పీసీఐ 2020లోనే అంది, గడువు మాత్రం జరుపుతూ జరుపుతూ 2026 డిసెంబరు 31 దాకా తెచ్చింది. నలుగురు పోటీ పడుతున్నారు కాబట్టే ఈ రోజు అద్దె నూరు రూపాయల చుట్టుపక్కల ఉంది. ఇద్దరే మిగిలితే ఎంతవుతుందో చిన్న షాపులవాళ్ళం ఇప్పుడే అడగాలి.

ఇక తీసుకోవాలా వద్దా అంటే, మీరు కుర్చీలో కూర్చుని బేరం చేసేవాళ్ళయితే, ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉంటే, నెల నెలా ఈ అద్దె అనవసరం అనే అంటాను. రోజుకి పదీ పదిహేను పేమెంట్లు వచ్చే షాపుకీ అంతే. నాలాగా చేతులు ఖాళీ లేనివాళ్ళకి మాత్రం తప్పదు. తీసుకునే ముందు ఆఫర్ అయ్యాక అద్దె ఎంతో, పెట్టె వెనక్కిస్తే అద్దె ఏ రోజు నుంచి ఆగుతుందో కాగితం మీద రాయించుకోండి. లోపల ఏ నెట్‌వర్క్ సిమ్ ఉందో అడిగి, మీ షాపులో పెట్టె పెట్టే చోటే నిలబడి రద్దీ వేళలో పది రూపాయలు కొట్టి చూడండి. షాపు సెల్లార్‌లో ఉంటే వైఫై కూడా ఉన్న మోడలే అడగండి, ఇస్తున్నారు.