ఎండిన బోరు: కొత్తది వేయాలా, పాతదాన్నే వాన నీటితో నింపాలా?

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ బండ. నీళ్లుండేది పైనున్న మెత్తటి పొరలో, బండ పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. వెయ్యి అడుగులు వేసినా దుమ్మే రావచ్చు.

ఖర్చు
కొత్త బోరు: అడుగు లెక్కన బిల్లు, లోతు పెరిగితే రేటూ పెరుగుతుంది. కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు), కేబుల్, పెద్ద మోటారు అదనం. నీళ్లు పడకపోయినా డబ్బు కట్టాల్సిందే.
ఇంకుడు గుంత (వాన నీటిని పాత బోరులోకి ఇంకించేది): తవ్వకం కూలి, కంకర, ఇసుక, పైపులు. అంతే.

శ్రమ
బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, రిగ్గు లోపలికి వచ్చే దారి ఉండాలి.
గుంతను పాత బోరు చుట్టూ 2 మీటర్ల వెడల్పు, 2 నుంచి 3 మీటర్ల లోతు తవ్వాలి. గుంతలోని కేసింగ్‌కు రంధ్రాలు పెట్టి నైలాన్ జాలీ చుట్టాలి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యన 20 ఎంఎం కంకర, పైన ఇసుక. ఏటా వానలకు ముందు పై ఇసుక మార్చాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, గుంత పూడేదీ ఇందుకే.

ఫలితం
200 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 800 మి.మీ. వాన పడితే, ఐదో వంతు పోయినా 1,28,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు పాతిక! కాకపోతే ఇంకిందంతా మీ బోరులోనే ఉండదు, పక్కింటికీ పోతుంది.

ప్రమాదం
గుంతలోకి డాబా నీళ్లే వదలాలి, అదీ తొలి వాన బయటికి పంపేశాక. పార్కింగ్ నీళ్లు కలిసినా, దగ్గర్లో సెప్టిక్ ట్యాంకు ఉన్నా బోరు చెడుతుంది.

వానాకాలంలో పోసి వేసవిలో ఎండే బోరుకు గుంతే మేలు. కేసింగ్ విరిగి పూడిపోయినా, ఏ కాలంలోనూ చుక్క రాకపోయినా కొత్తదే, అదీ భూగర్భ జల నిపుణుడితో సర్వే చేయించాకే.