తుఫాను టైమ్ చెప్పే యాప్: ఐదుకి రెండు చుక్కలు

మాది కవిటి దగ్గర కొబ్బరితోట. మా అబ్బాయి నా ఫోన్లో ఈ వాతావరణ యాప్ వేసి, ఏడాది చందా కూడా కట్టాడు. రంగురంగుల సుడి, దాని కింద ‘తీరం దాటడానికి 9 గంటల 12 నిమిషాలు’ అంటూ వెనక్కి నడిచే గడియారం. ఆ 12 నిమిషాలు చూస్తేనే ఒళ్లు మండింది. ఇచ్ఛాపురానికి రైలే టైముకి రాదు, తుఫాను వస్తుందా?

పోయినసారి గడియారం సున్నాకొచ్చింది. పెరట్లో అరటాకు కూడా కదల్లేదు. వెంటనే మళ్లీ 6 గంటలు చూపించింది.

వాతావరణ శాఖ బులెటిన్‌లో ఈ హంగులేవీ ఉండవు. తుఫాను కేంద్రం ఎక్కడుందో, గంటకెన్ని కిలోమీటర్లు కదులుతోందో రాస్తారు. కళింగపట్నానికి 210 కిలోమీటర్లు, వేగం 15 అయితే 14 గంటలు. క్యాలెండర్ కాగితం వెనక నేనే లెక్కేసుకుంటాను. దారిలో నెమ్మదించినా, పక్కకు తిరిగినా ఆ లెక్క తప్పుతుంది. అందుకే వాళ్లు నిమిషాలు చెప్పరు, ‘తెల్లవారుజామున’ అంటారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య. కానీ గాలి అంతకు చాలా ముందే తలుపులు బాదింది. యాప్ లెక్కపెట్టేది తుఫాను కేంద్రాన్ని మాత్రమే. ఆవుల కట్లు ఎప్పుడు విప్పాలో తెలియాలంటే నాకు గాలి టైమ్ కావాలి. అది ఈ యాప్‌లో ఎక్కడా లేదు.

ఒక చుక్క వాన బొమ్మలకి. రెండోది, ఆ సుడిని చూసి మా మనవరాలు అన్నం తింటున్నందుకు.