మేపుల్ ఆకు అంటించిన సూపర్ మార్కెట్: మా మిసిసాగా కొట్టుకి 5 కి 3

కొట్టు పేరు రాయను. నేను రాసేవి ఈ ఒక్క కొట్టు తప్పులు కావు, టొరంటో చుట్టుపక్కల ఏ పెద్ద సూపర్ మార్కెట్ కి వెళ్ళినా కొంచెం అటూ ఇటూగా ఇదే తంతు, ఊరికే ఒకళ్ళని ఎందుకు తిట్టడం. మిసిసాగాలో మన తెలుగు వాళ్ళు బాగా ఉండే అపార్ట్‌మెంట్లకి దగ్గర్లోనే ఉంటుంది. చేపల కౌంటర్ సూపర్, కొత్తిమీర ఎప్పుడు చూసినా వాడిపోయి ఉంటుంది, శనివారం పార్కింగ్ దొరికితే మీ అదృష్టం. మామూలుగా అయితే రివ్యూ ఇక్కడితో అయిపోవాలి. కానీ 2025 మార్చి నించి ఈ కొట్టు సరుకులతో పాటు దేశభక్తి కూడా అమ్ముతోంది, నా గోలంతా దాని గురించే.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ముందు కథ రెండు ముక్కల్లో చెప్తా. ట్రంప్ గెలిచాక కెనడాని 51వ రాష్ట్రం అనడం, అప్పటి ప్రధాని ట్రూడో ని గవర్నర్ అని పిలవడం మొదలెట్టాడు, ఇక్కడోళ్ళు మొదట్లో నవ్వుకున్నారు, తర్వాత నవ్వడం మానేశారు. 2025 మార్చి 4న కెనడా సరుకుల మీద 25 శాతం సుంకం, ఆయిల్ లాంటి వాటి మీద 10 శాతం వేశాడు. అంతకు ముందే ఐస్ హాకీ మ్యాచ్‌ల్లో అమెరికా జాతీయగీతం పాడుతుంటే స్టేడియం మొత్తం బూ అని అరవడం, ఫిబ్రవరి 20న బోస్టన్ లో జరిగిన ఫైనల్లో కెనడా 3-2 తో అమెరికాని ఓడించేసరికి ఆఫీసులో మామూలుగా గుడ్ మార్నింగ్ కూడా చెప్పని మనిషి డోనట్లు తెచ్చి పంచడం, ఇవన్నీ అయ్యాయి. "ఎల్బోస్ అప్" అని హాకీ మాటొకటి పట్టుకున్నారు, అంటే మోచేతులు లేపి తోసుకుంటూ ఆడటం అన్నమాట, టీషర్టుల మీద, కార్ల వెనకాల, ఎక్కడ చూసినా అదే.

సుంకాలు పడిన వారంలోనే మా కొట్లో ప్రతి షెల్ఫ్ మీదా కెనడా జెండా మీదుండే ఎర్ర మేపుల్ ఆకు ట్యాగులు వచ్చేశాయి. ఇంకో చెయిన్ వాళ్ళయితే అమెరికా సరుకుల మీద కెనడా తిరిగి వేసిన సుంకం వల్ల రేటు పెరిగిన సరుకు పక్కన 'టీ' అని గుర్తు పెట్టారు, అది నాకు నచ్చింది, కనీసం ఎందుకు పెరిగిందో చెప్పారు. మా కొట్టు అలాంటి జోలికి పోలేదు. ఆకు ఒక్కటే. ఆకు ఉంటే మనది, లేకపోతే మీ ఇష్టం, అంతే.

సరే ఆ ఆకుకి అర్థం ఏంటి అని చూస్తే, ఇక్కడ ఫుడ్ మీద రూల్ బాగానే ఉంది. ప్రోడక్ట్ ఆఫ్ కెనడా అని రాయాలంటే అందులో సరుకు, పని దాదాపు అంతా, అంటే 98 శాతం దాకా ఇక్కడిదే అయ్యుండాలి. మేడ్ ఇన్ కెనడా అంటే ముడిసరుకు ఎక్కడిదైనా చివరి తయారీ ఇక్కడ జరిగితే చాలు, కాకపోతే బయటి సరుకు కలిసింది అని పక్కన చెప్పాలి. ఇవి ప్యాకెట్ మీద రాసే మాటలు. షెల్ఫ్ మీద కొట్టువాడు అంటించే ఆకుకి వచ్చేసరికి ఈ తేడా అంతా ఎగిరిపోతుంది, అన్నిటికీ ఒకటే ఆకు.

బాదం పప్పు సంగతి చెప్తా చూడండి. కొట్టు సొంత బ్రాండ్ ప్యాకెట్, షెల్ఫ్ అంచున అరచెయ్యంత ఆకు. ప్యాకెట్ తిప్పి బార్‌కోడ్ కింద చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ప్రోడక్ట్ ఆఫ్ యూఎస్ఏ. అవ్వక ఏమవుతుంది, ప్రపంచంలో బాదం పప్పులో ఐదింట నాలుగొంతులు పండేదే కాలిఫోర్నియాలో, ఒంటారియో మంచులో బాదం చెట్లు ఎక్కడున్నాయి? అక్కడ సర్దుతున్న కుర్రాణ్ణి అడిగితే, పాపం మన పంజాబీ స్టూడెంటే, "భయ్యా, ట్యాగులు హెడాఫీస్ నించి ప్రింటయి వస్తాయి, నేను అంటిస్తానంతే, బహుశా ఇక్కడ కవర్లో పోశారు కాబట్టి ఆకు వేశారేమో" అన్నాడు. వాణ్ణి ఏమంటాం. తర్వాత వెళ్ళి చూసినా ఆ ఆకు అక్కడే ఉంది, బాదం రేటు మాత్రం మారింది, పైకే.

కెచప్ దగ్గర ఇంకా తమాషా. హైంజ్ వాళ్ళకి ఒంటారియోలో లెమింగ్టన్ అనే ఊళ్ళో వందేళ్ళ పైబడిన ఫ్యాక్టరీ ఉండేది, 2014లో మూసేసి పోయారు, జనం మండిపడ్డారు. తర్వాత ఫ్రెంచెస్ వాళ్ళు అదే లెమింగ్టన్ టమాటాలతో కెచప్ చేయడంతో ఇక్కడోళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, 2016లో ఒక పెద్ద చెయిన్ దాన్ని షెల్ఫ్ నించి తీసేస్తానంటే ఫేస్‌బుక్ లో రచ్చ చేసి మళ్ళీ పెట్టించారు. అప్పుడు నెత్తిన పెట్టుకున్న ఫ్రెంచెస్ ఇప్పుడు అమెరికా కంపెనీ చేతిలో ఉంది. తిట్టి పంపిన హైంజ్ ఏమో మళ్ళీ వచ్చి మాంట్రియల్ లో కెచప్ చేస్తోంది. మా కొట్లో రెండింటికీ ఆకు ఉంది. ఇంక ఎవరి మీద కోపం ఎవరి మీద తీర్చుకోవాలో మీరే తేల్చుకోండి.

నిజంగా ఆకుకి అర్హత ఉన్నవి చాలానే ఉన్నాయి, అది కూడా చెప్పాలి కదా. లెమింగ్టన్ గ్రీన్‌హౌస్ టమాటాలు, కీరా, క్యాప్సికమ్ చలికాలంలో కూడా తాజాగా ఉంటాయి, టమాటా పచ్చడికి పులుపు చాలదు గానీ కూరకి ఓకే. పాలు, గుడ్లు ఎలాగూ దాదాపు అన్నీ ఇక్కడివే, అసలు ట్రంప్ ఏడుపుల్లో ఒకటి ఆ పాల మీద కెనడా వేసే సుంకాలే. కెనోలా నూనె, ఓట్స్, మైసూర్ పప్పు. మైసూర్ పప్పు అయితే సస్కాచవాన్ ప్రావిన్స్ లో ఎంత పండుతుందంటే ఇక్కణ్ణించి ఓడలెక్కి ఇండియా వెళ్తుంది, మీరు విజయవాడలో వండుకున్న పప్పు కూడా కెనడాదే అయ్యుండొచ్చు. ఆరెంజ్ ల దగ్గర మార్పు బాగా కనిపించింది, ఫ్లోరిడా, కాలిఫోర్నియా పెట్టెలు వెనక్కి పోయి మొరాకో, స్పెయిన్, సౌతాఫ్రికా పళ్ళు ముందుకొచ్చాయి. మొరాకో చిన్న ఆరెంజ్ లు తిని చూడండి, తేనె. దీనికి మాత్రం ట్రంప్ కి థాంక్స్ చెప్పుకోవాలి.

ఇక కస్టమర్ల సంగతి. ఈ కొట్టు రివ్యూ రాస్తూ అక్కడికొచ్చే జనం గురించి రాయకపోతే సగం రివ్యూనే. జ్యూస్ ఫ్రిజ్ దగ్గర ఒక పెద్దావిడ, డెబ్బై దాటే ఉంటాయి, ఫోన్ లో బార్‌కోడ్ స్కాన్ చేసే యాప్ పెట్టుకుని ఒక్కో డబ్బా చూస్తోంది. పక్కన క్యాప్ పెట్టుకున్న ఒకాయన ఫ్లోరిడా జ్యూస్ రెండు డబ్బాలు బండిలో వేసుకున్నాడు. ఆవిడ చూసిన చూపు ఉందే! ఆయనకి అర్థమైపోయింది, "నేనూ కెనడియన్ నే మేడమ్, కానీ ఇది రెండు డాలర్లు తక్కువ" అన్నాడు. ఆవిడ "అందుకే కదా వాళ్ళు మనల్ని కొనేయగలం అనుకుంటున్నారు" అంది. ఆయన డబ్బా తీసి వెనక్కి పెట్టలేదు, ఆవిడ సారీ చెప్పలేదు, కెనడాలో ఇద్దరు సారీ చెప్పుకోకుండా వెళ్ళిపోవడం నేను ఎక్కువ చూడలేదు.

మన వాళ్ళు చాలామంది దీన్ని చూసి ఓ లెక్క వేసుకుంటారు, ఇక్కడి రెండు పెద్ద పార్టీల్లో లిబరల్ అయితే అమెరికా అంటే పడదు, కన్సర్వేటివ్ అయితే ట్రంప్ మనిషి అని. ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదండి. మా ఒంటారియో ప్రావిన్స్ ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి లాంటివాడు, డగ్ ఫోర్డ్ కన్సర్వేటివ్, మరి "కెనడా అమ్మకానికి లేదు" అని టోపీ పెట్టుకు తిరిగింది ఆయనే, ప్రభుత్వ మందుషాపులు ఎల్‌సీబీఓ లో అమెరికా మందు మొత్తం, 35 రాష్ట్రాల నించి వచ్చే 3,600 రకాలు, మార్చి 4న షెల్ఫుల మీంచి తీయించింది ఆయనే, ఏడాదికి దగ్గర దగ్గర 100 కోట్ల డాలర్ల వ్యాపారం అది. బ్రిటిష్ కొలంబియా వాళ్ళది లెఫ్ట్ వైపు ప్రభుత్వం, వాళ్ళు మొదట రిపబ్లికన్ రాష్ట్రాల మందు మాత్రమే ఆపారు, అంటే టెన్నెసీ విస్కీ తప్పు గానీ కాలిఫోర్నియా వైన్ పర్లేదు అన్నట్టు! వారం తిరక్కుండానే అన్నీ ఆపేశారనుకోండి. అల్బర్టాలో కన్సర్వేటివ్ ప్రభుత్వం కూడా అమెరికా మందు కొనడం ఆపింది, కానీ జూన్ కల్లా మళ్ళీ మొదలెట్టింది, అక్కడి ప్రీమియర్ జనవరిలోనే ట్రంప్ ఇంటికి వెళ్ళి కలిసొచ్చింది. ఆవిడ ఇబ్బంది ఆవిడది, వాళ్ళ ఆయిల్ కొనేది అమెరికానే.

నాకు అర్థమైనంత వరకు తేడా ఏంటంటే, లిబరల్ కస్టమర్ కోపం అమెరికా బతికే పద్ధతి మీదే, తుపాకులు, హాస్పిటల్ బిల్లులు, అబార్షన్ చట్టాలు, మేం వాళ్ళలా కాదు అన్న గర్వం ఎప్పణ్ణించో ఉంది, ట్రంప్ వచ్చి దానికి అగ్గిపుల్ల గీశాడు. కన్సర్వేటివ్ కస్టమర్ కి అమెరికా పద్ధతి మీద పెద్ద పేచీ లేదు, టాక్సులు తక్కువ అని కాస్త ఆశగా కూడా చూస్తాడు, కానీ 51వ రాష్ట్రం అనేసరికి వీళ్ళలో చాలామందికి ఒళ్ళు మండింది. ఆకు చూసి ఇద్దరూ ఒకే టమాటా కొంటారు, కారణాలు వేరు.

చరిత్ర చూస్తే ఇంకా తికమక. 1911లో అమెరికాతో సుంకాలు తగ్గించుకుందాం అన్నది లిబరల్ ప్రధాని లోరియే, యాంకీలతో లావాదేవీలే వద్దని ఎన్నికల్లో ఓడించింది కన్సర్వేటివ్ లు. 1988 వచ్చేసరికి తిరగబడింది, ఫ్రీ ట్రేడ్ తెచ్చింది కన్సర్వేటివ్ మల్రోనీ, దేశాన్ని అమ్మేస్తున్నారని గగ్గోలు పెట్టింది లిబరల్ టర్నర్. ఇక మా మిసిసాగా మేయర్ కారొలిన్ పారిష్ గారు 2003లో లిబరల్ ఎంపీగా ఉండగా, ఇరాక్ యుద్ధం ముందు, మైకులున్నాయని చూసుకోకుండా అమెరికన్లంటే నాకు అసహ్యం అని బూతుతో సహా అనేశారు, మర్నాడు దేశమంతా అదే వార్త. తర్వాత బుష్ బొమ్మని టీవీలో కాలితో తొక్కి సొంత పార్టీ నించి గెంటించుకున్నారు కూడా. 2024లో మేం ఆవిణ్ణే మేయర్ ని చేసుకున్నాం. టైమింగ్ అంటే అది.

కొట్టు మీద నా అసలు కంప్లయింట్ ఇప్పుడు చెప్తా. 2024లో ఈ దేశంలో జనం కోపం అమెరికా మీద లేదు, ఈ గ్రోసరీ కంపెనీల మీదే ఉంది. బ్రెడ్ రేట్లు కుమ్మక్కై ఏళ్ళ తరబడి పెంచిన కేసులో ఒక పెద్ద కంపెనీ, దాని మాతృసంస్థ కలిపి 500 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నది ఆ ఏడాదే, మే నెలంతా కొనం అని బాయ్‌కాట్ లు జరిగిందీ ఆ ఏడాదే. ఏడాది తిరిగేసరికి అదే రంగం మొత్తం ఎర్ర ఆకు కట్టుకుని దేశభక్తుల వేషంలో నిలబడింది, మనం రేటు అడగడం మానేసి ఊరు అడగడం మొదలెట్టాం. ఎన్నికల్లోనూ ఇదే జరిగింది కదా, జనవరిలో సర్వేల్లో ఇరవై పాయింట్లకి పైగా వెనకబడిన లిబరల్స్ ట్రూడో బదులు కార్నీ ని ప్రధానిగా తెచ్చుకుని ఏప్రిల్ 28న 343 సీట్లలో 169 గెలిచారు, ఇంటద్దెలు, సరుకుల రేట్లు అని రెండేళ్ళు ప్రచారం చేసిన కన్సర్వేటివ్ నాయకుడు పొలీవ్ తన సొంత సీటే పోగొట్టుకున్నాడు. ఆయన పార్టీకి 41 శాతం ఓట్లు పడ్డాయి, తక్కువేం కాదు, రేట్ల గురించి ఆయన అడిగిన ప్రశ్నలూ తప్పేం కాదు. ఎల్బోస్ అప్ అని గెలిచిన కార్నీ ప్రభుత్వమేమో సెప్టెంబర్ 1 నించి అమెరికా సరుకుల మీద చాలా సుంకాలు తీసేసింది, మోచేతులు దించేశారని కన్సర్వేటివ్ లు ఎగతాళి చేశారు. మరి సుంకం పోయాక మా కొట్లో ఆ సరుకుల రేట్లు తగ్గాయా అంటే, నేను కొనేవేవీ తగ్గలేదు.

మన వాళ్ళ పరిస్థితి మధ్యలో ఇరుక్కున్నట్టే. సగం చుట్టాలు అటే. డాలస్ లో ఉండే మా బావ ఫోన్ చేసి "ఏంట్రా, మా ఆరెంజ్ జ్యూస్ తాగరంట కదా మీరు, మరి మా నెట్‌ఫ్లిక్స్ చూడటం మానేశారా" అని ఏడిపిస్తాడు. నేను "ముందు నీ హెచ్1బీ కి లక్ష డాలర్ల ఫీజు సంగతి చూసుకో బావా" అంటా, నవ్వుతాడు గానీ కాసేపు ఆగి కెనడా పీఆర్ కి పాయింట్లు ఎలా లెక్కేస్తారు అని అడుగుతాడు. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి కారేసుకుని వెళ్ళేవాళ్ళు తగ్గారు, దానికి కారణం అందరికీ దేశభక్తి కాదు, బోర్డర్ లో ఫోన్ చూస్తారేమో అని భయం. ఇంకోటి, అమెరికాలో వలసవాళ్ళని ఎలా చూస్తున్నారో చూడండి అని బాధపడిపోయే ఇక్కడి కొలీగ్స్ లోనే కొందరు, ఇండియన్ స్టూడెంట్లు ఎక్కువైపోయారు అనే మాట దగ్గర గొంతు మార్చేస్తారు. లిబరల్సూ ఉన్నారు వాళ్ళలో.

సరే, స్టార్లు. చేపలకి ఒకటి, లెమింగ్టన్ కూరలకి ఒకటి, మొరాకో ఆరెంజ్ లకి ఒకటి. ట్యాగులకి సున్నా, ఆకు చూసి కొనకండి, ప్యాకెట్ తిప్పి చదవండి, కళ్ళజోడు తీసుకెళ్ళండి. బాదం కావాలంటే ఇండియన్ స్టోర్ లో కొనండి, అదీ కాలిఫోర్నియాదే, కానీ అక్కడ ఆకు వేసి అమ్మరు, పైగా చవక. బెండకాయలకి అసలు ఇక్కడికి రావద్దు, ముదిరిపోయి ఉంటాయి. చేపలు కావాలంటే గురువారం పొద్దున వెళ్ళండి, కొత్త స్టాక్ దిగుతుంది, పార్కింగ్ కూడా ఖాళీగా ఉంటుంది.