క్వాంటమ్ కీ పంచుకోవడానికి బీబీ84 మేలా, ఈ91 మేలా?

ఇద్దరి మధ్య రహస్య కీ (సందేశాలకి తాళం వేసే 0, 1ల వరుస) పంచుకోవడానికి క్వాంటమ్ సిద్ధాంతం చూపిన మూల పద్ధతులు రెండు. ఒకటి చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్డ్ 1984లో బెంగళూరు సదస్సులో వివరించిన బీబీ84. రెండోది 1991లో ఆర్టుర్ ఎకర్ట్ ప్రతిపాదించిన ఈ91. ఏది మేలో తేల్చాలంటే ముందు మీ అనుమానం దేని మీదో చెప్పాలి: మధ్యలో ఉన్న లైను మీదా, మీ చేతిలోని పరికరం మీదా?

కీ పంపే మనిషిని ఆలిస్ అనీ, అందుకునే వ్యక్తిని బాబ్ అనీ, దారిలో దొంగచాటుగా వినేదాన్ని ఈవ్ అనీ పిలుద్దాం. బీబీ84లో ఆలిస్ ఒక్కో ఫోటాన్‌ని (వెలుగు కణాన్ని) నిలువు, అడ్డం, రెండు ఏటవాలు ధ్రువణాల్లో (వెలుగు కంపించే దిశల్లో) ఏదో ఒకదాంట్లో పంపుతుంది. నిలువు ఫోటాన్‌ని దారిలో ఈవ్ పట్టుకుని ఏటవాలుగా కొలిచిందనుకోండి. అది ఏటవాలుగా మారిపోతుంది. దాన్ని బాబ్ నిలువు-అడ్డం దిశల్లో కొలిస్తే సగం సార్లు తప్పు జవాబే వస్తుంది. ప్రతి ఫోటాన్‌నీ ఈవ్ ఇలా ఏదో ఒక దిశలో కొలిచి పంపిస్తే, ఆలిస్ పంపిన దిశా, బాబ్ కొలిచిన దిశా కలిసిన బిట్లలో 25 శాతం తప్పుతాయి. కొన్ని బిట్లు బయటపెట్టి సరిచూసుకుంటే చాలు, దొంగ దొరికిపోతుంది.

ఈ91లో చిక్కుకున్న (ఎంటాంగిల్డ్, అంటే కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డ) ఫోటాన్ల జత నుంచి చెరొకరికి ఒకటి వెళ్తుంది. కొన్ని ఫలితాలతో బెల్ పరీక్ష చేస్తారు. జవాబులు ముందే నిర్ణయమై ఉంటే దాని విలువ 2 దాటదు, క్వాంటమ్ జతలకైతే సుమారు 2.83 దాకా వెళ్తుంది. కొలవకముందే జవాబు ఉంటుందా అని ఐన్‌స్టయిన్ లేవనెత్తిన ప్రశ్న మీద జాన్ బెల్ 1964లో కట్టిన లెక్క ఇక్కడ కాపలా కాస్తోంది. నాకు ఈ91 మీద ఇంత మమకారం అందుకే. అసలు ముందుగా లేనే లేని జవాబుని ఈవ్ ఎక్కణ్ణుంచి దొంగిలిస్తుంది?

వాడకంలో మాత్రం బీబీ84దే పైచేయి. బలహీనమైన లేజర్ చాలు. ఒక్కో పల్స్‌లో రెండు ఫోటాన్లు వెళ్లినప్పుడు ఒకటి ఈవ్‌కి చిక్కే ప్రమాదం ఉండేది, డెకాయ్ పల్సులతో (ఈవ్‌ని పట్టుకోవడానికి మధ్యమధ్యలో కలిపే వేరే తీవ్రత ఉన్న ఎర పల్సులతో) ఆ కన్నం పూడ్చారు. చైనా వాళ్ల మిసియస్ ఉపగ్రహం రెండు దారులూ నడిచింది. 2017లో డెకాయ్ బీబీ84తో 1,200 కిలోమీటర్ల దాకా సెకనుకి కిలోబిట్ స్థాయిలో కీ దించింది. 2020లో చిక్కుకున్న జతలతో 1,120 కిలోమీటర్ల దూరంలోని రెండు కేంద్రాలకి కీ అందింది, కానీ సెకనుకి 0.12 బిట్. అయితే మొదటిదాంట్లో కీ ఉపగ్రహానికీ తెలుసు, రెండోదాంట్లో తెలియదు. ఇది చిన్న తేడా కాదు.

పరికరం సంగతికొస్తే, గట్టి వెలుతురుతో డిటెక్టర్లని (ఫోటాన్లని పసిగట్టే పరికరాలని) గుడ్డివి చేసి కీ మొత్తం లాగేయవచ్చని 2010లోనే మార్కెట్లో ఉన్న యంత్రాల మీద చూపించారు. డిటెక్టర్లు చాలా ఫోటాన్లని వదిలేస్తుంటే బెల్ పరీక్షని కూడా ఇలాగే బోల్తా కొట్టించవచ్చు. ఆ లొసుగు మూసి, పరికరాల లోపలి పనితీరుని నమ్మకుండానే కీ తీసే ప్రయోగం 2022లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగింది. రెండు మీటర్ల దూరంలోని అయాన్ల (విద్యుదావేశమున్న పరమాణువుల) మధ్య ఎనిమిది గంటల్లో సుమారు 95 వేల బిట్లు వచ్చాయి.

కాబట్టి ఈరోజు లైను వేయాలంటే నా ఓటు డెకాయ్ బీబీ84కే. పరికరం చేసినవాళ్లనే నమ్మలేని చోటికి ఈ91 బాటే సరైనది, కాకపోతే ఇంకొంత కాలం ఆగాలి. ఎంటాంగిల్‌మెంట్ అన్న మాట చూసి మాత్రం కొనేయకండి. లొసుగులు మూసిన బెల్ పరీక్ష లేకపోతే ఆ యంత్రంలోనూ డిటెక్టర్లని మీరు నమ్మాల్సిందే.